చెత్త బండి వెంట నడిచేవారి భద్రత: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన లేఖలలో ఎక్కువ భాగం చెత్త సేకరణకు సంబంధించినవే. ఇళ్లలో ఉండేవారు, బండి వెంట పనిచేసేవారు, బండి పక్కనుంచి వాహనం నడుపుకొంటూ వెళ్లేవారు వేరువేరుగా రాసిన ఈ ప్రశ్నలను ఒకచోట పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. కార్మికుడికి జరిగే ప్రమాదం చాలాసార్లు అతడు సంచిని తాకకముందే, ఇంకెవరి చేతిలోనో, ఇంకెవరి నిర్ణయంలోనో సిద్ధమై ఉంటుంది. అందుకే చేతి తొడుగుల గురించి మాత్రమే అడిగినవారికి కూడా అక్కడితో ఆగకుండా సమాధానం రాయవలసి వచ్చింది.

ప్రశ్న: మా ఇంట్లో మధుమేహానికి రోజూ ఇన్సులిన్ తీసుకుంటాము. వాడిన సూదికి తిరిగి మూత పెట్టి, కాగితంలో చుట్టి, మిగతా చెత్తతో పాటే సంచిలో వేస్తున్నాము. ఈ జాగ్రత్త సరిపోతుందా? (ఒక గృహిణి)

సమాధానం: మీరు ఆలోచించి చుట్టి వేస్తున్నందుకు సంతోషమే గానీ, అది సరిపోదమ్మా. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టబోయినప్పుడే చాలామందికి వేలికి గుచ్చుకుంటుంది. ఒకవేళ క్షేమంగా పెట్టగలిగినా, సంచి మీద మరో పది సంచులు పడి నలిగేసరికి ఆ మూత ఊడిపోతుంది, కాగితం తడిసి చిరిగిపోతుంది.

సంచిని ఎత్తే మనిషిని ఒకసారి గమనించండి. సంచి మెడ పట్టుకుని పైకి లేపుతాడు. గంటల తరబడి బరువులు మోసే మనిషి ప్రతి సంచినీ ఒంటికి దూరంగా చేయి చాచి పట్టుకోలేడు గనుక, నాలుగు అడుగులు వేసేలోగా ఆ సంచి ఊగుతూ తొడకో పిక్కకో రాసుకుంటుంది. పలుచని ప్లాస్టిక్‌లోంచి మొన బయటికి వచ్చిన సూది ముందుగా దిగేది అక్కడే. చేతికి ఎంత మంచి తొడుగు ఇచ్చినా కాలిని అది కాపాడలేదు. చేతి విషయంలోనైనా పూర్తి భరోసా లేదు. కోత తగలకుండా కాపాడే తొడుగు సూదిపోటును కూడా ఆపుతుందని చాలామంది నమ్ముతారు. పని తొడుగులకు వర్తించే యూరప్ ప్రమాణమైన ఈఎన్ 388 ప్రకారం చేసే పొడుపు పరీక్షలో వాడే మొన ఇంజెక్షన్ సూది కంటే ఎన్నో రెట్లు లావుగా ఉంటుంది. ఆ పరీక్షలో నెగ్గిన తొడుగులోంచి కూడా ఇన్సులిన్ సూది సునాయాసంగా దిగిపోగలదు.

కాబట్టి సూదిని ఇంట్లోనే గట్టి డబ్బాలో బంధించాలి. బట్టలు ఉతికే ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బా వంటిది, మర మూత ఉన్నది, ఒకటి ఇందుకోసమే కేటాయించండి. సూది వాడిన వెంటనే, మూత పెట్టే ప్రయత్నం చేయకుండా, మొన కిందికి ఉండేలా అందులో వేయండి. డబ్బా ముప్పాతిక వంతు నిండగానే మూత బిగించి, దాని చుట్టూ టేపు అంటించి, పైన పెద్ద అక్షరాలతో ‘వాడిన సూదులు’ అని రాయండి. వాడిన సూదులను తిరిగి తీసుకునే ఆసుపత్రి గానీ మందుల దుకాణం గానీ అందుబాటులో ఉంటే అక్కడ అప్పగించడం అన్నిటికన్నా మేలు. లేకపోతే సేకరణ సిబ్బందిని అడిగి, వారు చెప్పిన పద్ధతిలో, ఇది ఫలానా అని నోటితో చెప్పి విడిగా ఇవ్వండి. డబ్బా ప్లాస్టిక్‌దే కదా అని పొడి చెత్తలో మాత్రం కలపకండి. పొడి చెత్తను ఆ తరువాత చేతులతో ఏరేవారు వేరే ఉంటారు.

ప్రశ్న: పగిలిన గాజు, బ్లేళ్ల విషయంలోనూ ఇదే పద్ధతా? (ఒక విద్యార్థి)

సమాధానం: బ్లేళ్లకు ఇదే పద్ధతి. గాజు పెంకులను నాలుగైదు పొరల కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పెట్టెకు టేపు వేసి, పైన ‘గాజు’ అని రాయండి. పెంకులను నేరుగా సంచిలో వేయడం, సంచి నిండిపోయిందని చేత్తోనో కాలితోనో అదమడం ఎప్పుడూ చేయవద్దు.

ప్రశ్న: నేను చెత్త సేకరణ పనిలో ఉన్నాను. మాలో ఎవరికైనా సూది గుచ్చుకుంటే నీళ్లతో కడుక్కుని పని కొనసాగిస్తాము. అలా గుచ్చుకున్నప్పుడు నిజంగా ఏం చేయాలి? దీనివల్ల ఎయిడ్స్ వస్తుందా? (ఒక కార్మికుడు)

సమాధానం: ముందుగా పని ఆపండి, ఎంత హడావిడిలో ఉన్నా సరే. గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో బాగా కడగండి. రక్తం కారుతుంటే కారనివ్వండి గానీ గాయాన్ని పిండవద్దు, నోటితో పీల్చవద్దు, బ్లీచింగ్ వంటి ఘాటైన ద్రవాలు పోయవద్దు. శుభ్రమైన గుడ్డతో కప్పి, అదే రోజు, వీలైతే ఆ గంటలోనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. సూది ఎక్కడ దొరికింది, దాని మీద రక్తం కనిపించిందా, గాయం ఎంత లోతు అన్నవి చెప్పండి. ఆ సూదిని వెంట తీసుకువెళ్లాలని చెత్తలో వెతకనక్కర లేదు.

ఎయిడ్స్‌కు కారణమయ్యే హెచ్‌ఐవీ గురించి మీ భయం అర్థం చేసుకోగలను. రక్తం ఎండిపోయిన, పారవేసిన సూది వల్ల అది సోకే అవకాశం చాలా తక్కువ. అయినా పరిస్థితిని బట్టి అవసరమని వైద్యుడు భావిస్తే నివారణ మందులు ఇస్తారు. వాటిని గుచ్చుకున్న 72 గంటల లోపు, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. మూడు రోజులు గడిచాక వెళితే ఆ అవకాశం చేజారిపోతుంది. ‘సాయంత్రం చూద్దాం, రేపు చూద్దాం’ అనడం అందుకే ప్రమాదకరం.

అసలు ఎక్కువగా జాగ్రత్తపడవలసింది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బీ గురించి. ఆ వైరస్ శరీరం బయట కనీసం 7 రోజుల పాటు సోకే శక్తిని నిలుపుకొంటుంది. దానికి సమర్థమైన టీకా ఉంది. సాధారణంగా ఆరు నెలల వ్యవధిలో 3 మోతాదులు ఇస్తారు. గుచ్చుకున్న తరువాత కూడా వెంటనే టీకా ఇవ్వడం వల్ల ప్రయోజనం ఉంటుంది గానీ, ఈ పనిలో చేరిన మొదటి రోజుల్లోనే టీకా వేయించి ఉండవలసిన బాధ్యత మీకు పని ఇచ్చినవారిది. ధనుర్వాతం టీకా విషయం కూడా అంతే. గుచ్చుకున్న ప్రతిసారీ తేదీ, సమయం, చోటు రాయించి, ఆ కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి. నెలల తరువాత ఏదైనా జబ్బు బయటపడితే అది పనిలో వచ్చిందని చూపడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.

ప్రశ్న: పాత సెల్‌ఫోన్ బ్యాటరీ ఒకటి ఉబ్బిపోయింది. చిన్న వస్తువే కదా, చెత్తలో వేస్తే ఏమవుతుంది? (ఒక పాఠకుడు)

సమాధానం: చెత్త బండి తగలబడవచ్చు. లిథియం అయాన్ బ్యాటరీ లోపల ధన, రుణ ధ్రువాల పొరల మధ్య ఒక పలుచని అడ్డుపొర ఉంటుంది. బండిలో చెత్తను అదిమే యంత్రమైన కంపాక్టర్ పలక కింద బ్యాటరీ నలిగి ఆ అడ్డుపొర చిరిగితే రెండు పొరలూ తాకి ఒక్కసారిగా వేడి పుడుతుంది, ఆ వేడికి జరిగే రసాయన చర్యలు మరింత వేడిని పుట్టిస్తాయి, లోపలి ద్రవం మండే వాయువులుగా మారి చిమ్ముతుంది. చుట్టూ ఉన్నది ఎండు కాగితం, ప్లాస్టిక్. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి కాబట్టి దగ్గరికి వెళ్లి ఆర్పబోయే కార్మికుడి ఊపిరితిత్తులకు అది పెద్ద ముప్పు.

ఉబ్బిన బ్యాటరీని నొక్కవద్దు, గుచ్చవద్దు, చార్జింగ్ పెట్టవద్దు. పొడి ఇసుక ఉన్న లోహపు పాత్రలో, గాలి చొరని మూత పెట్టకుండా, మండే వస్తువులకు దూరంగా ఆరుబయట ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి తెలియజేసి అప్పగించండి. ఉబ్బని బ్యాటరీలనైతే లోహపు కొసలకు టేపు అంటించి అదే కేంద్రానికి ఇవ్వండి. చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు, ఈ-సిగరెట్లు, చార్జింగ్ చేసే ఆటబొమ్మలు, విద్యుత్ టూత్‌బ్రష్‌లు కూడా బ్యాటరీలే అని గుర్తుంచుకోవాలి. అవి విడిగా కనిపించవు గనుకనే చెత్తలోకి ఎక్కువగా చేరుతున్నాయి.

బండి నడిపేవారికి ఒక మాట. లోడులోంచి పొగ వస్తే బండిని జనావాసాలకు, కరెంటు తీగలకు, చెట్లకు దూరంగా ఖాళీ స్థలానికి చేర్చి, అగ్నిమాపక దళానికి ఫోన్ చేసి, వీలైతే లోడును అక్కడే కిందికి దింపివేయడం చాలాచోట్ల పాటించే పద్ధతి. ఏయే వీధుల దగ్గర అలాంటి స్థలం ఉందో ముందుగానే చూసి పెట్టుకోవాలి. పొగ వచ్చాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. బండి ఎక్కి చెత్తను కెలకవలసిన అవసరం ఎవరికీ లేదు.

ప్రశ్న: సగం మిగిలిన శుభ్రపరిచే ద్రవాల సీసాలను చెత్తలో వేయవచ్చా? (ఒక గృహిణి)

సమాధానం: వేయవద్దు. బ్లీచ్, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం ఒకే తొట్టిలో పగిలి కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బ్లీచ్, అమోనియా ఉన్న ద్రవం కలిస్తే క్లోరమైన్లు వెలువడతాయి. పైగా పలక నొక్కినప్పుడు సీసాలోని ద్రవం సూటిగా వెనుక నిలబడిన మనిషి ముఖం మీదికి చిమ్ముతుంది. ద్రవాన్ని అది ఉద్దేశించిన పనికే పూర్తిగా వాడి, ఖాళీ సీసాను ఇవ్వండి. వాడలేనివాటిని అసలు సీసాలోనే, పేరు కనిపించేలా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.

ప్రశ్న: ఉదయం ఆఫీసుకు వెళ్లేటప్పుడు చెత్త బండి నా ముందు ఆగి ఆగి వెళుతుంటుంది. హారన్ కొట్టి పక్కనుంచి దాటి వెళతాను. ఇందులో తప్పేముంది? (ఒక వాహనదారుడు)

సమాధానం: దాటడంలో తప్పు లేదు. ఎంత వేగంతో, ఎంత దగ్గరగా దాటుతున్నారన్నది మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మీ వాహనం ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు వెళుతుంది. ఎదురుగా మనిషి కనిపించిన క్షణానికీ మీ కాలు బ్రేకు మీద పడే క్షణానికీ మధ్య సెకను నుంచి సెకనున్నర పడుతుందనుకుంటే, బ్రేకు పనిచేయడం మొదలయ్యేలోపే 14 నుంచి 21 మీటర్లు దాటిపోతారు. బండి చాటునుంచి రోడ్డు మీదికి రావడానికి కార్మికుడికి కావలసింది రెండు అడుగులు.

అతడి వైపు నుంచి చూడండి. రెండు చేతులా బరువు ఉంటుంది, ఎదురుగా ఎత్తిపట్టిన డబ్బా చూపును కప్పేస్తుంది, చెవుల నిండా ఇంజను, కంపాక్టర్ చప్పుడే. ఆ చప్పుడులో మీ హారన్ వినిపించకపోవచ్చు, వినిపిస్తే ఉలిక్కిపడి తప్పు వైపు అడుగు వేయవచ్చు. హారన్ కొట్టడంతో మీ బాధ్యత తీరినట్లు కాదు. వేగాన్ని మనిషి పరుగు స్థాయికి తగ్గించి, బండికీ మీకూ మధ్య ఒక తలుపు తెరిచినంత కంటే ఎక్కువ ఖాళీ ఉంచి, బండి ముందు భాగం పూర్తిగా దాటేవరకు కాలు బ్రేకు మీదే ఉంచి వెళ్లండి. ఎందుకంటే బండికి ముందు నుంచి కూడా మనుషులు అడ్డంగా వస్తారు. ఖాళీ లేకపోతే ఆగండి. ఆ ఆలస్యం నిమిషానికి మించదు.

ఇది అతిగా చెబుతున్న మాట కాదు. అమెరికా కార్మిక గణాంక విభాగం ఏటా ప్రకటించే అత్యంత ప్రాణాంతకమైన వృత్తుల జాబితాలో చెత్త సేకరణ చాలా ఏళ్లుగా మొదటి పదింటిలో ఉంటూ వస్తోంది. ఆ దేశంలో అనేక రాష్ట్రాలు చెత్త బండి దగ్గర వేగం తగ్గించాలని ప్రత్యేకంగా చట్టాలు చేశాయి. అలాగని భారమంతా వాహనదారుల మీదే వేయడం న్యాయం కాదు. రద్దీ రోడ్డు మీద ఒక విడతలో ఒక వైపు చెత్త మాత్రమే తీసుకునేలా, రద్దీ వేళకు ముందే ఆ రోడ్డు పని ముగిసేలా దారి పథకం వేయడం నిర్వాహకుల పని. రోడ్డుకు అడ్డంగా నడవనవసరం లేని మనిషికి ఏ జాకెట్టూ ఇవ్వలేని రక్షణ ఆ పథకం ఇస్తుంది.

ప్రశ్న: మా సందు చివర దారి లేదు. చెత్త బండి వెనక్కి వస్తుంటే పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు. చాలా భయంగా ఉంది. (ఒక తల్లి)

సమాధానం: మీ భయం సరైనదే. వెనక్కి వచ్చే బండి వెనుక, అందులోనూ చక్రాల దగ్గర, అద్దాల్లో కనిపించని చోటు ఉంటుంది. చిన్నపిల్లలు ఎత్తు తక్కువ కనుక పూర్తిగా ఆ చాటులోనే ఉండిపోతారు. కెమెరా ఉన్నా, సైగలు చేసే హెల్పర్ ఒకరు డ్రైవర్‌కు కనిపించే చోట నిలబడాలి. హెల్పర్ అద్దంలో కనిపించకుండా పోయిన క్షణాన డ్రైవర్ బండి ఆపాలి. హెల్పర్ కూడా బండికి నేరుగా వెనుక ఎప్పుడూ నడవకూడదు.

అయితే అన్నిటికన్నా మంచి మార్గం బండి మీ సందులోకి వెనక్కి రాకుండా చేయడమే. వీధివారంతా మాట్లాడుకుని చెత్తను సందు మొదట్లో ఒకచోట అందించండి, లేదా చిన్న తోపుడు బండిలో అక్కడికి చేర్చే ఏర్పాటు అడగండి. మూల మలుపుల్లో కార్లు నిలపకుండా చూసుకోండి. బండి ముందుకే తిరిగి వెళ్లగలిగే చాలా సందుల్లో అది వెనక్కి రావలసి రావడానికి కారణం అడ్డదిడ్డంగా నిలిపిన కార్లే. బండి ఉన్నంతసేపు పిల్లల చేయి పట్టుకుని ఉండండి.

ప్రశ్న: కంపాక్టర్ బండి వెనుక మెట్టు మీద నిలబడి వెళ్లడం మాకు అలవాటు. ఇరుక్కున్న చెత్తను చేత్తో లాగుతాము. అనుభవం ఉన్నవారికి కూడా ప్రమాదమేనా? (ఒక హెల్పర్)

సమాధానం: అనుభవం ఉన్నవారికే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. ఎందుకంటే వేలసార్లు ఏమీ జరగకపోవడం చేతిని ఇంకాస్త లోపలికి తీసుకువెళుతుంది. ఆ పలకను హైడ్రాలిక్ ఒత్తిడి నడుపుతుంది. మధ్యలో ఉన్నది అట్టపెట్టెనా, మోచేయినా అన్నది దానికి తెలియదు, ఎదురైన దాన్ని బట్టి ఆగదు. పలక కదులుతున్నప్పుడు తొట్టికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి. ఏదైనా ఇరుక్కుంటే యంత్రాన్ని ఆపించి, ఇంజను కట్టేయించి, తాళంచెవి మీ జేబులో వేసుకున్న తరువాతే, అదీ పొడవాటి కొక్కెంతో తీయండి. తాళంచెవి మీ దగ్గర ఉన్నంతసేపు మరొకరు పొరపాటున మీట నొక్కినా పలక కదలదు.

1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు వాన నుంచి తలదాచుకోవడానికి చెత్త బండి వెనుక భాగంలోకి ఎక్కారు. పాతబడిన ఆ బండిలో లోపం తలెత్తి యంత్రం కదలడంతో ఇద్దరూ నలిగి చనిపోయారు. ఆ మరణాల తరువాత దాదాపు 1,300 మంది కార్మికులు సమ్మెకు దిగి ‘నేను మనిషిని’ అని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు. వారికి అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ఏప్రిల్ 4న ఆ నగరంలోనే హత్యకు గురయ్యారు. వానలో నిలబడడానికి ఆ ఇద్దరికీ ఒక చూరు చూపించి ఉంటే, లోపమున్న బండిని సకాలంలో పక్కన పెట్టి ఉంటే, వారు ఆ రోజు ఇంటికి వెళ్లేవారు.

మెట్టు విషయానికొస్తే, వెనుకనుంచి చెత్త వేసే బండ్లకు యూరప్‌లో వర్తించే ఈఎన్ 1501 ప్రమాణం ప్రకారం మెట్టు మీద మనిషి ఉన్నప్పుడు బండి గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు, వెనక్కి అసలు కదలకూడదు. మీ బండికి అలాంటి ఏర్పాటు లేకపోతే ఆ మెట్టును ఎక్కకండి. ఇంటికీ ఇంటికీ మధ్య నడవండి, వీధికీ వీధికీ మధ్య క్యాబిన్‌లో కూర్చోండి. పెద్ద చెత్త డబ్బాలను ఎత్తి బండిలో కుమ్మరించే ముందు మూత తీసి లోపల చూడడం, డబ్బాను గట్టిగా తట్టి పిలవడం కూడా పద్ధతిగా పెట్టుకోండి. చలికీ వానకూ తట్టుకోలేక నిలువ నీడ లేనివారు వాటిలో పడుకుని ప్రాణాలు కోల్పోయిన ఘటనలు జరిగాయి.

ప్రశ్న: మా చెత్త కేంద్రంలో మురుగు నీరు చేరే గుంత ఉంది. పంపు పాడైతే ఒక మనిషిని దించుతున్నారు. వాసన లేకపోతే దిగవచ్చా? (ఒక ఉద్యోగి)

సమాధానం: దిగకూడదు. కుళ్లిన చెత్త నీటినుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది గానీ, గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాల దగ్గరికి చేరేసరికి ముక్కుకు ఆ వాసనను పసిగట్టే శక్తే పోతుంది. కాబట్టి వాసన ఆగిపోవడం ప్రమాదం తొలగిందనడానికి గుర్తు కాదు, పెరిగిందనడానికి గుర్తు కావచ్చు. పంపును పైనుంచే గొలుసుతో లాగి తీసేలా అమర్చాలి. లోపల ఎవరైనా పడిపోతే కాపాడాలని వెంటనే దూకినవారు కూడా చనిపోయిన ఘటనలు ఈ పనిలో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. దూకకండి. అగ్నిమాపక దళాన్ని పిలవండి, పైనుంచి గాలి పంపండి.

ప్రశ్న: నేను సూపర్‌వైజర్‌ను. తొడుగులు, మాస్కులు, మెరిసే జాకెట్లు అన్నీ ఇచ్చాము. అయినా కొందరు వేసుకోరు. ఇంకా ఏం చేయగలను? (ఒక సూపర్‌వైజర్)

సమాధానం: ముందు ఎందుకు వేసుకోవడం లేదో వారినే అడగండి. తొడుగు పెద్దదై జారుతుందా, చెమటకు మాస్కు తడిసి ఊపిరి ఆడడం లేదా, ఉతుక్కోవడానికి రెండో జాకెట్టు లేదా అన్నది వారే చెబుతారు. కొలతల ప్రకారం ఇవ్వండి, పాడైన వెంటనే మార్చండి. ఆ తరువాత, ఒంటిమీద ధరించేవి రక్షణలో చివరి మెట్టు మాత్రమేనని గుర్తించండి. ప్రమాదాన్ని అసలు లేకుండా చేయడం, కుదరకపోతే యంత్రంతో మనిషిని దానికి దూరంగా ఉంచడం, ఆపైన పని పద్ధతిని మార్చడం దానికన్నా ముందు రావాలి. బరువైన గోనెల బదులు చక్రాల డబ్బాలు, ఎండ ముదరకముందే ముగిసే పని వేళలు, దారిలో తాగునీరు, నీడ, చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్డి వంటివి మీ చేతిలో ఉన్న పనులు. మహిళా కార్మికులకు మరుగుదొడ్డి లేకపోతే వారు నీళ్లు తాగడమే మానేస్తారు, వేసవిలో వడదెబ్బకు అది నేరుగా దారి తీస్తుంది.

త్రుటిలో తప్పిన ప్రమాదాలను కూడా రాయించండి, కానీ రాసినవారిని శిక్షించకండి. ఒకే మలుపు దగ్గర మూడుసార్లు బండి తాకబోయిందని పుస్తకంలో కనిపిస్తే, నాలుగోసారికి ముందే దారి మార్చవచ్చు.

ఇక పని ఆపే హక్కు. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో పని విషయంలో ప్రాథమిక సూత్రాలు, హక్కులలో ఒకటిగా చేర్చింది. అంతకుముందే, 1981 నాటి దాని 155వ ఒడంబడికలోని 13వ అధికరణం, ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ, తీవ్ర ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పనినుంచి తప్పుకున్న కార్మికుడిని అనుచిత పర్యవసానాల నుంచి కాపాడాలని చెప్పింది. దీన్ని మీ వారికి అర్థమయ్యే మాటల్లో రాసి ఇవ్వండి: సూదులు బయటికి కనిపిస్తున్న సంచిని, పొగ వస్తున్న డబ్బాను, బ్రేకు సరిగా పడని బండిని ముట్టుకోకుండా వదిలేసి మీకు ఫోన్ చేసే అధికారం ప్రతి కార్మికుడికీ ఉందని, అందుకు ఆ రోజు కూలిలో కోత ఉండదని. ఆ కాగితం కింద మీ సంతకం, మీ ఫోన్ నంబరు ఉండాలి.